వందేళ్ల వరద పదిహేనేళ్లకే ఎట్లా వచ్చింది?

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. ఆ లెక్కన సెకనుకి మూడు కోట్ల లీటర్ల పైమాటే. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు. మొత్తం డెబ్భై గేట్లూ ఎత్తితే అది తట్టుకుంటుందని ఇంజనీర్లు లెక్క కట్టింది 11.90 లక్షలు. కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఎత్తి దించడానికి తోడ్పడే బరువు దిమ్మెలకు, అంటే కౌంటర్ వెయిట్లకు, గుద్దుకోవడం టీవీల్లో చూసి టెన్షన్ పడనివాళ్లు లేరు.

నీళ్లు తీశాక బెజవాడలో ఎక్కడ నలుగురు చేరినా ఒకటే మాట. "2009లోనే వందేళ్లకోసారి వచ్చే వరద అన్నారు కదండీ, పదిహేనేళ్లకే మళ్లీ ఎట్లా వచ్చింది? ఇంకెక్కడి లెక్కలు వీళ్లవి?" 2009 అక్టోబరులోనూ ఇక్కడ వరద 11 లక్షల క్యూసెక్కులకు అటూ ఇటూగా వచ్చింది. కాబట్టి అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఎమిల్ జూలియస్ గుంబెల్ అనే జర్మన్ గణితజ్ఞుడి పనిలో ఉంది. వరదల జోలికి రాకముందు ఆయన లెక్కపెట్టినవి హత్యలు.

గుంబెల్ 1891లో మ్యూనిక్‌లో పుట్టాడు, 1914లో అక్కడే డాక్టరేట్ తీసుకున్నాడు. అదే ఏడాది మొదలైన ప్రపంచ యుద్ధం ఆయన్ని శాంతివాదిగా మార్చింది. యుద్ధం ఓడిన జర్మనీలో రాజకీయ హత్యలు మామూలైపోయాయి. ఏ పక్షం వాళ్లు ఎంతమందిని చంపారు, కోర్టులు ఎవరికి ఏ శిక్ష వేశాయి అన్నది గుంబెల్ కేసు వెంట కేసు పోగేసి 1922లో పుస్తకంగా వేశాడు. కుడిపక్షంవాళ్లు చేసిన హత్యలు 354, వామపక్షాలవాళ్లు చేసినవి 22. ఆ 354లో 326 హత్యలకు అసలు శిక్షే పడలేదు. 22 హత్యల పక్షాన పదిమందికి మరణశిక్ష అమలైంది, మిగతావాళ్లకు సగటున పదిహేనేళ్ల జైలు. అవతలి పక్షానికి సగటు నాలుగు నెలలు. ఇంత చెప్పాక వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆ అంకెలు తప్పని ఎవరూ నిరూపించలేకపోయారు. కోపం మాత్రం ఆయన మీద పెట్టుకున్నారు.

1923 నుంచి ఆయన హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం చెప్పేవాడు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేయాలని జాతీయవాద విద్యార్థులు ఏళ్ల తరబడి గొడవలు చేశారు. 1932లో ఒక సమావేశంలో, యుద్ధ స్మారకంగా విజయకన్య బొమ్మ కంటే టర్నిప్ దుంపను నిలబెడితే సరిపోతుందన్నాడు గుంబెల్. 1916-17 చలికాలంలో తిండి దొరక్క జర్మన్లు బతికింది ఆ దుంపల మీదే. ఆ మాట చాలింది, పాఠం చెప్పే హక్కు పోయింది. మరుసటి ఏడాది నాజీలు పౌరసత్వం రద్దుచేసిన మొదటి జాబితాలోని 33 పేర్లలో ఆయన పేరూ ఉంది. అప్పటికే ఫ్రాన్స్ చేరాడు గనక ప్రాణం దక్కింది.

లియోన్‌లో ఉన్నప్పుడు ఆయన మనసు ఒకే రకం ప్రశ్న మీద నిలిచింది. మనిషి ఆయుష్షు మహా అయితే ఎంత? నదికి వరద మహా అయితే ఎంత? మామూలు గణాంకాలు సగటు చుట్టూ తిరుగుతాయి. బ్యారేజీని సగటు ప్రవాహానికి కడితే మొదటి గట్టి వానకే కొట్టుకుపోతుంది. అక్కడ కావాల్సింది చివరి అంచు లెక్క.

దీనికి పునాది అప్పటికే పత్తి దగ్గర పడింది. గుంటూరువాళ్లకు ఈ సంగతి నచ్చాలి. పింజ పొడవు, బలం చూసి ధర కట్టే ఊరు కదా. ఇంగ్లండులో పత్తి పరిశోధన సంస్థలో పనిచేసే టిపెట్‌కు నూలు పోగు ఎప్పుడు తెగుతుందో తేలాలి. పోగు బలం దాని సగటు బలం కాదు, అన్నిటికన్నా బలహీనమైన చోటిది. పోగు పొడవు పెరిగేకొద్దీ అలాంటి చోటు తగిలే అవకాశమూ పెరుగుతుంది. 1928లో ఆయనా, గణాంకవేత్త ఫిషరూ కలిసి ఒక పెద్ద ఫలితం ప్రచురించారు. పెద్ద గుంపుల్లోంచి గరిష్ఠాన్నో కనిష్ఠాన్నో ఏరి పెడుతూ పోతే, ఆ ఏరినవి చివరికి మూడే మూడు రకాల ఆకారాల్లో ఒకదానిలో సర్దుకుంటాయని. గుంబెల్ వాటిలో మొదటి రకాన్ని పట్టుకుని నదుల దగ్గరికి తెచ్చాడు. 1940లో ఫ్రాన్స్ కూడా జర్మన్ల చేతికి చిక్కడంతో అమెరికా పారిపోయాడు. వరదల మీద ఆయన ముఖ్యమైన వ్యాసం అక్కడే 1941లో అచ్చయింది. రోన్, మిసిసిపీ నదుల కొలతల మీద పరీక్షించి చూపించాడు.

పద్ధతి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ప్రతి ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద ప్రవాహం ఒక్కటి తీసుకోండి, మిగతా 364 రోజులు వదిలేయండి. 49 ఏళ్ల రికార్డు ఉంటే 49 అంకెలు. పెద్దదానితో మొదలుపెట్టి వరసగా రాయండి. ఏళ్ల సంఖ్యకు ఒకటి కలిపి వరస సంఖ్యతో భాగించండి. మొదటిదానికి 50, రెండోదానికి 25, మూడోదానికి దాదాపు 17 వస్తాయి. అంటే మొదటిది సగటున 50 ఏళ్లకోసారి వచ్చే స్థాయి, రెండోది 25 ఏళ్లకోసారి వచ్చేది. గుంబెల్ సూత్రం ప్రకారం గళ్లు గీసిన ప్రత్యేకమైన గ్రాఫ్ కాగితం మీద ఈ చుక్కలు పెడితే, నది ఆయన చెప్పిన రకమే అయితే, చుక్కలన్నీ ఒక తిన్నని గీత చుట్టూ పడతాయి. ఆ గీతను పొడిగిస్తే, ఎవరూ చూడని వందేళ్ల వరద కూడా కాగితం మీద కనిపిస్తుంది.

ఆ గళ్ల కొలమానంలో పదేళ్ల స్థాయి 2.25 దగ్గర ఉంటుంది, వందేళ్లది 4.60 దగ్గర, వెయ్యేళ్లది 6.91 దగ్గర. తేడాలు చూడండి, దాదాపు సమానం. ఒక ఊహానదిలో పదేళ్ల వరద 6 లక్షలు, వందేళ్లది 9 లక్షలు అయితే, వెయ్యేళ్లది 12 లక్షలకు కాస్త తక్కువ. అరుదుతనం పదింతలైన ప్రతిసారీ వరద పెరిగేది ఇంచుమించు ఒకే మెట్టు. డిజైను ఇంజనీరుకు ఇంతకంటే పనికొచ్చే వాక్యం దొరకడం కష్టం.

ఇక మనవాళ్ల ప్రశ్న. వందేళ్ల వరద అంటే ఏ ఏడాది తీసుకున్నా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్నది, అంతే. కుండలో వంద చీటీలు వేసి ఒక్కదానికి ఎర్రరంగు పూశారనుకోండి. ఏటా ఒక చీటీ తీయడం, చూసి మళ్లీ కుండలోనే వేయడం. పోయినేడు ఎర్రది వచ్చిందన్న సంగతి కుండకు తెలీదు. 2009 వరద సరిగ్గా ఆ స్థాయిదే అనుకున్నా, తర్వాతి పదిహేనేళ్లలో మళ్లీ అంతటిది వచ్చే అవకాశం 14 శాతం. ఏడింట ఒక వంతు. ఆశ్చర్యపోవచ్చు, లెక్క తప్పిందని మాత్రం అనలేం. వందేళ్లు గడిస్తే ఒకసారి ఖాయం అనుకోవడమూ పొరపాటే. వందేళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 63 శాతం, రెండో అంతకు మించో వచ్చే అవకాశం 26 శాతం, అసలు రాకుండా పోయేది 37 శాతం.

ఈ 63 మన నిర్మాణ నిబంధనల్లోనూ ఉంది. భవనాల మీద గాలి తాకిడి లెక్కకు వాడే ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఇది సగటున 50 ఏళ్లకోసారి దాటే వేగం. యాభై ఏళ్ల ఆయుష్షున్న భవనం తన జీవితకాలంలో ఆ వేగాన్ని కనీసం ఒకసారి ఎదుర్కొనే అవకాశం సుమారు 63 శాతమని ఆ పత్రమే ఒప్పుకుంటుంది. దాటితే కూలాలని కాదు, పైన భద్రత కోసం వేరే గుణకాలు వేస్తారు. భవనం ఆయుష్షును బట్టి ఆ వేగాన్ని సవరించడానికి అందులో ఇచ్చిన సూత్రం గుంబెల్ గీతే.

అయితే కృష్ణ విషయంలో ఈ గీతను కళ్లు మూసుకుని నమ్మకూడదని నా అభిప్రాయం. కుండ ఎప్పుడూ ఒకటే ఉండాలన్నది లెక్కకు మొదటి షరతు. మన కుండ మారిపోయింది. పైన నాగార్జునసాగర్ వచ్చింది, శ్రీశైలం వచ్చింది. 2009లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిన వరద, విజయవాడ చేరేసరికి 11 లక్షలైంది. మధ్యలో జలాశయాలు కొంత మింగాయి, కొంత నెమ్మదిగా వదిలాయి. అంటే బ్యారేజీ దగ్గర నమోదయ్యే గరిష్ఠంలో వానతోపాటు గేట్లు ఎప్పుడు ఎత్తాలన్న మనుషుల నిర్ణయమూ కలిసి ఉంది. 2024లో కథ వేరు. ఎగువ నుంచి వదిలిన నీళ్లకు సాగర్ దిగువన కలిసే మునేరు లాంటి ఉపనదులు తోడయ్యాయి. ఈ రెండు వరదల్నీ ఒకే పట్టికలో పక్కపక్కన రాసి గీత గీస్తే, గీత వస్తుంది. అది ఏ నదిదో చెప్పడమే కష్టం.

పైగా ఆ సెప్టెంబరులో విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. కొల్లేటి వైపు పోయే ఆ ఏటి వరదను కొంత కృష్ణలోకి మళ్లించడానికి డైవర్షన్ కాలువ తవ్వారు. కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అసలు కృష్ణే నిండుగా పారుతుంటే కాలువ నీళ్లు అందులోకి సరిగ్గా దిగవు. ఇక్కడే లెక్కలు వచ్చినవాళ్లు కూడా పప్పులో కాలేస్తారు. కృష్ణకు వందేళ్ల వరద, బుడమేరుకు వందేళ్ల వరద, రెండూ ఒకే ఏడాది రావాలంటే వందను వందతో గుణించి పదివేలకు ఒకటి అనేస్తారు. రెండింటికీ సంబంధం లేనప్పుడే ఆ గుణకారం చెల్లుతుంది. ఒకే వాయుగుండం మునేరు మీదా, బుడమేరు మీదా, ఊరి మీదా కురుస్తుంటే సంబంధం లేదని ఎట్లా అనగలం? అసలు అవకాశం పదివేలకు ఒకటి కంటే ఎంతో ఎక్కువ, కాస్త ముదిరితే నూటికి ఒకటి దాకా పోవచ్చు.

పెద్ద ఆనకట్టలకు మన ప్రమాణాలు వందేళ్ల గీతతో సరిపెట్టుకోవు. ఆ పరీవాహకంలో వాతావరణం కురిపించగల గరిష్ఠ వాన ఎంతో అంచనా వేసి, దానినుంచి పుట్టే వరదకు డిజైన్ చేయమంటాయి. వందేళ్ల లెక్క చిన్న ఆనకట్టలకు. కాలనీ డ్రైనేజీలకు అంతకంటే తక్కువ స్థాయి కూడా వాడతారు, ఖర్చు చూసుకోవాలి కనక.

గుంబెల్ న్యూయార్క్‌లో స్థిరమైన కొలువు కోసం చాలాకాలం వెతుక్కున్నాడు. 1953 నుంచి కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు, గరిష్ఠాలూ కనిష్ఠాల మీద పెద్ద పుస్తకం 1958లో తెచ్చాడు, 1966లో చనిపోయాడు. విమానం రెక్క మీద గాలిపోటు, లోహం అలసి విరగడం, కరువులో నది అడుగంటడం లాంటి వాటికీ ఆ పద్ధతి పాకింది.

సింగ్‌నగర్ వైపో, గుంటూరులో పల్లపు వీధిలోనో ఇరవై ఏళ్ల హోమ్ లోన్ మీద ఫ్లాట్ కొనేవాళ్లకు ఆయన గ్రాఫ్ కాగితం అక్కర్లేదు, ఫోన్లో క్యాలిక్యులేటర్ చాలు. ఆ వీధి పాతికేళ్లకోసారి మునిగేదని పాతకాపులు చెబితే, ఏటా మునగని అవకాశం 0.96. దాన్ని దానితోనే గుణిస్తూ ఇరవై సార్లు వచ్చేలా వేయండి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేయండి. ఈఎంఐలు కట్టడం పూర్తయ్యేలోపు కనీసం ఒకసారి ఇంట్లోకి నీళ్లొచ్చే అవకాశం 56 శాతం అని తేలుతుంది.