హిట్ అండ్ రన్: 134లో ఉన్న మినహాయింపు 106(2)లో ఏమైంది?

ప్రమాదంలో ఒకరి మరణానికి కారణమై పోలీసులకు చెప్పకుండా పరారైన డ్రైవర్‌కు పదేళ్ల వరకు జైలు విధించే, భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం)లోని 106(2) సెక్షన్‌ను ఇంకెన్నాళ్లు అమలు చేయకుండా పక్కన పెడతారన్న వాదన మళ్లీ రాజుకుంది. హైవే మీద ఘోర ప్రమాదం, డ్రైవర్ పరారీ అన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఇదే జరుగుతోంది. 2024 జనవరి 1, 2 తేదీల్లో లారీలు ఎక్కడివక్కడ ఆగిపోవడం, హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు బండ్లు బారులు తీరడం అందరికీ గుర్తే. పదేళ్ల జైలుకు భయపడి డ్రైవర్లు స్టీరింగ్ వదిలేశారని అప్పట్లో రాశారు. పేచీ అంతా శిక్ష దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. దాని మూలం 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ఉంది.

ఆ చట్టం 134వ సెక్షన్ ప్రకారం, గాయపడ్డ మనిషిని దగ్గర్లోని డాక్టరు దగ్గరికో ఆస్పత్రికో చేర్చే బాధ్యత డ్రైవర్‌దే. అయితే జనం ఆగ్రహంతో మీద పడే పరిస్థితి ఉన్నా, తన చేతిలో లేని మరో కారణం ఉన్నా అతనికి మినహాయింపు ఇచ్చారు. అలాంటప్పుడు ఆ పని ఎందుకు చేయలేకపోయాడో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు చెప్పాలి. ప్రమాదం జరిగిన చోట ఏమవుతుందో ఎరిగి రాసిన సెక్షన్ అది.

ఇక 106(2) చూడండి. నిర్లక్ష్యంగా బండి నడిపి ఒకరి మరణానికి కారణమై, ఆ వెంటనే పోలీసు అధికారికో మేజిస్ట్రేటుకో చెప్పకుండా తప్పించుకుపోతే పదేళ్ల వరకు జైలు, పైగా జరిమానా. బెయిలు హక్కుగా దొరకదు. 24 గంటల గడువు పోయి 'వెంటనే' అన్న మాట వచ్చింది. జనాగ్రహం ఊసే లేదు. ఈ సంహిత బిల్లు 2023 డిసెంబరు 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో గట్టెక్కింది. ప్రతిపక్ష సభ్యులు పెద్ద సంఖ్యలో సస్పెన్షన్‌లో ఉన్న రోజులవి. 25న రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చేసింది. మరో వారానికి లారీలు ఆగాయి.

ఆ మినహాయింపు డ్రైవర్లకు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే క్యాబిన్‌లోకి తొంగిచూడాలి. ఒకప్పుడు లారీలో డ్రైవర్ పక్కన క్లీనర్ తప్పనిసరిగా ఉండేవాడు. డీజిలు, టోలు, ఫైనాన్స్ కిస్తీ పోగా కిరాయిలో ఏమీ మిగలనప్పుడు చాలా బండ్లలో ముందు తెగేది క్లీనర్ జీతమే. ఇప్పుడు అర్ధరాత్రి ఏ ఊరి పొలిమేరలోనో ప్రమాదం జరిగితే డ్రైవర్ ఒక్కడే ఉంటాడు. పడిపోయిన మనిషిని లేపాలి, అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి, వెనక నుంచి వచ్చే బండ్లను ఆపాలి, లోడు కాపాడుకోవాలి. ఈలోగా ఊరి జనం పరుగెత్తుకొస్తారు. తప్పు ఎవరిదని అడిగేవాళ్లుండరు, పెద్ద బండి నడిపినవాడే దోషి. డ్రైవర్‌ను చావబాదిన ఘటనలు, లారీకి నిప్పు పెట్టిన ఘటనలు వాళ్లు విన్నవి కొన్ని, కళ్లారా చూసినవి కొన్ని. అందుకే ఓనర్‌కు ఫోన్ చేస్తే మొదట వినిపించే మాట: "బండి అక్కడే వదిలెయ్, ముందు నువ్వు పక్కకు పో, స్టేషన్ సంగతి పొద్దున చూద్దాం."

అలా వెళ్లినవాడు నిజంగా దొరక్కుండా పోతాడా? లారీ రోడ్డు మీదే ఉంటుంది. నంబరు, పర్మిట్, లోడు కాగితాలు అన్నీ అందులోనే ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ లెక్కన హిట్ అండ్ రన్ అంటే ఎంత ప్రయత్నించినా ఏ బండి గుద్దిందో తేలని ప్రమాదం. బండి వదిలి ప్రాణం కాపాడుకున్నవాడినీ, గుద్దేసి బండితో సహా మాయమైనవాడినీ 106(2) ఒకే గాటన కట్టింది. నా లెక్కలో గొడవంతా ఇక్కడే ఉంది.

బాధిత కుటుంబాల గోడు తక్కువదేం కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లోనే 2022లో 67,387 హిట్ అండ్ రన్ ప్రమాదాలు, 30,486 మరణాలు ఉన్నాయి. గుద్దిన బండి దొరక్కపోతే ఆ ఇంటికి వచ్చే పరిహారం 2 లక్షల రూపాయలు. అది కూడా 2022 ఏప్రిల్ నుంచే, అంతకుముందు 25 వేలు. పాత ఐపీసీ 304ఎ కింద రెండేళ్లకు మించి శిక్ష లేకపోవడం అన్యాయమని వాళ్లు అడగడంలో తప్పు లేదు. ఆ కోరిక కొంత తీరింది కూడా. నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి 106(1) కింద శిక్ష ఐదేళ్ల దాకా పెరిగింది. 2024 జులై 1 నుంచి అది అమల్లోనే ఉంది, లారీ డ్రైవర్లకూ వర్తిస్తోంది. దాని మీద ఎవరూ బండ్లు ఆపలేదు. శిక్ష పెంచితేనే డ్రైవర్లు ఎదురుతిరుగుతారన్న వాదన ఇక్కడ నిలవదు.

2024 జనవరి 2న అప్పటి కేంద్ర హోం శాఖ కార్యదర్శి అజయ్ భల్లా, లారీ యజమానుల సంఘమైన ఆలిండియా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్ ప్రతినిధులను పిలిచి మాట్లాడారు. వారిని సంప్రదించాకే 106(2) అమలుపై నిర్ణయం తీసుకుంటామన్నారు. ఫిబ్రవరి చివర్లో వచ్చిన నోటిఫికేషన్ ఆ ఒక్క సబ్ సెక్షన్‌నూ మినహాయించి మిగతా సంహితకు జులై 1 తేదీ ఖరారు చేసింది. తేదీ ఆగిందే గానీ సెక్షన్‌లో అక్షరం మారలేదు. అందుకే లారీ యూనియన్లకు ఈ రోజుకూ నమ్మకం కుదరడం లేదు.

మార్చడం కష్టమేమీ కాదు. 2019 సవరణలో 134 పక్కనే 134ఎ చేర్చి, క్షతగాత్రులను ఆదుకునే దారినపోయేవాళ్లకు కేసుల నుంచి రక్షణ కల్పించారు. ఆగి ఆదుకునే డ్రైవర్‌కు మాత్రం అలాంటి భరోసా ఏదీ రాయలేదు. 112కు ఫోన్ చేస్తే పోలీసులకు చెప్పినట్టేనా? రెండు ఊళ్లు దాటి తర్వాతి స్టేషన్‌లో లొంగిపోతే 'వెంటనే' చెప్పినట్టేనా? ఈ రెండు ప్రశ్నలకు 106(2)లో జవాబు రాసి, 134లోని మినహాయింపును అందులోకి తెచ్చాకే దాని అమలు తేదీ గురించి మాట్లాడాలి.