రోబో సిగ్గుపడిందట!

బెంగళూరు పీణ్యాలో మా వర్క్‌షాప్. హోటళ్లలో ట్రేలు మోసే రోబోలు చేస్తాం. నా పని సెన్సర్లు చూసుకోవడం. కానీ నాకొచ్చే ఫోన్లలో సగం దాని ముఖం గురించే.

అపోహ: కళ్లున్నాయి కాబట్టి చూస్తుంది.

వాస్తవం: ఆ కళ్లు స్క్రీన్ మీద బొమ్మలు. అసలు చూపు కింద, మన పిక్కల ఎత్తున తిరిగే లైడార్ అనే లేజర్ సెన్సర్‌ది. లేజర్ వెలుగు దేనికైనా తగిలి తిరిగొస్తే దూరం తెలుస్తుంది. గాజుతోనే తంటా. నేరుగా ఎదురైతే కాస్త వెలుగు తిరిగొస్తుంది, ఏటవాలుగా పడితే పక్కకు పోతుంది. అంటే ఒక క్షణం గోడ ఉన్నట్టు, మరుక్షణం లేనట్టు.

మారతహళ్లిలో ఒక ఆంధ్రా భోజన హోటల్. పప్పు గిన్నెలతో బయల్దేరిన మా రోబో ఏసీ హాలు గాజు పార్టిషన్ దగ్గర రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి. సప్లయర్ కుర్రాడు నవ్వుతూ, "కొత్తవాళ్లను చూసి సిగ్గుపడుతోందండి" అన్నాడు. నెల తర్వాత స్క్రీన్ పాడైతే విప్పి తెచ్చాం, రోబో మాత్రం కళ్లు లేకుండానే తిరిగింది. అదే ప్రోగ్రామ్, అదే గాజు, అదే తడబాటు. ఈసారి ఓనర్ ఫోన్: "బాబూ, మీ బండి చెడింది, వచ్చి పట్టుకుపోండి."

అపోహ: ముఖం లేకపోతే ఎవరూ మనసు అంటగట్టరు.

వాస్తవం: అంటగడతారు, కాకపోతే కథ మారుతుంది. 1944లో హైదర్, సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు త్రిభుజాలు, ఒక వృత్తం కదిలే చిన్న ఫిల్మ్ చూపిస్తే, చూసినవాళ్లు పెద్ద త్రిభుజాన్ని రౌడీని చేసేశారు. అంతదాకా ఎందుకు, స్టార్ట్ కాని స్కూటర్ "మొరాయిస్తోంది" అంటాం. మొరాయించడం ఎద్దు పని!

అపోహ: ఎంత మనిషిలా ఉంటే అంత నచ్చుతుంది.

వాస్తవం: కొంతవరకే. దాదాపు మనిషిలాగే ఉండి ఎక్కడో తేడా కొడితే ఒళ్లు జలదరిస్తుందని జపాన్ ఇంజినీర్ మసాహిరో మోరి 1970లోనే రాశాడు. అక్కడే తయారైన పారో అనే రోబో సీల్ అనే సముద్ర జంతువు కూనలా ఉంటుంది. కుక్కో పిల్లో అయితే అందరికీ తెలుసు, వంకలు పెడతారు. సీల్‌ని ఇంట్లో పెంచిందెవరు?

మా క్లయింట్లు చేతులు, కనుబొమలు కూడా అడుగుతారు. నేను ఒప్పుకోను. చేతులుంటే గిన్నె అందిస్తుందనుకుంటారు, అది అందించలేదు.

మారతహళ్లి రోబోకి కళ్లు మళ్లీ పెట్టాం. పార్టిషన్‌కి లైడార్ ఎత్తున అడ్డంగా తెల్ల స్టిక్కర్ అతికించాం. అప్పట్నుంచి సిగ్గుపడటం లేదు.