ఒళ్లు చేయని కణాలు

"అక్కా, నా కణాలు ఒళ్లు చేయట్లేదు" అన్నాడు ఫోన్లో మా తమ్ముడు. హబ్సిగూడ దగ్గర ఒక ల్యాబ్‌లో కొవ్వు కణాల మీద పరిశోధన చేస్తాడు. ఊరంతా ఒళ్లు తగ్గాలని పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ తిరుగుతుంటే, వీడి దిగులు ఇదీ!

ఆ కణాల పేరు 3టీ3-ఎల్1. మూలం స్విస్ చిట్టెలుక పిండం. మూడు రోజులకోసారి, మూడు లక్షల చొప్పున కొత్త గిన్నెలోకి మార్చి పెంచిన కణాలు కాబట్టి 3టీ3 (టీ అంటే ట్రాన్స్‌ఫర్, మార్చడం). వాటిలో కొన్ని కొవ్వు కూడబెట్టుకోవడం అమెరికాలో హోవార్డ్ గ్రీన్ బృందం కంటబడింది. 1974లో వాటి సంగతి ప్రకటించారు.

మొదట్లో ఇవి సన్నగా, కోలగా ఉంటాయి. గిన్నె అడుగంతా నిండి ఒకదానికొకటి తగలగానే విభజన ఆపేస్తాయి. ఇంకో రెండు రోజులు ఓపిక పట్టి ఇన్సులిన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఐబీఎంఎక్స్ అనే రసాయనం కలిపి పోయాలి. అప్పుడు ఒకటి రెండుసార్లు విభజన చెంది, దారి మారుస్తాయి. ముందు జన్యువులను పనిలోకి దింపే సీఈబీపీ-బీటా, డెల్టా ప్రోటీన్లు మేల్కొని, అలాంటివే అయిన పీపీఏఆర్-గామాను, సీఈబీపీ-ఆల్ఫాను లేపుతాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయి. ఇక ఆ కణం కొవ్వు కణమే.

షుగర్‌కిచ్చే పయోగ్లిటజోన్ మాత్ర పనిచేసేది కూడా పీపీఏఆర్-గామా మీదే. చక్కెర అదుపులోకి వస్తుంది, కొందరికి బరువు పెరుగుతుంది. వింతేం లేదు. కొవ్వుకు సరైన చోటు దొరికితే కాలేయం, కండరాల మీద భారం తగ్గుతుంది. పుట్టుకతోనే కొవ్వు కణాలు దాదాపు లేనివాళ్లకు తీవ్రమైన మధుమేహం వస్తుంది. మనం తిట్టిపోసే కొవ్వు కణం నిజానికి గాదె లాంటిది.

తమ్ముడి తప్పు చిన్నదే. కణాలను కొత్త గిన్నెలోకి మార్చే ముందు, ప్రతిసారీ పాత గిన్నె కిక్కిరిసేదాకా వదిలేశాడు. అలా పదేపదే చేస్తే వాటికి కొవ్వు కణాలయ్యే గుణం పోతుంది. ద్రవ నైట్రోజన్‌లో ముందే గడ్డకట్టించి దాచిన కణాల సీసా తీసి, మళ్లీ మొదలుపెట్టాడు.

పదో రోజున ఫోటో పంపాడు. కొవ్వుకు పట్టే ఆయిల్ రెడ్ ఓ రంగు వేశాక కణం నిండా ద్రాక్షగుత్తిలా ఎర్రటి బొట్లు. మన ఒంట్లోని తెల్ల కొవ్వు కణంలోనైతే ఒకటే పెద్ద బొట్టు, కేంద్రకాన్ని ఓ మూలకు నెట్టేసి కూర్చుంటుంది. గిన్నెకూ ఒంటికీ తేడా అదే. అందుకే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలాంటి చోట లావెక్కే ఎలుకలనూ పెంచుతారు.

"చూశావా, ఎంత లావయ్యాయో" అని కింద రాశాడు, మురిసిపోతూ.