తెలియని దారిలోకి మేక నడిచిన వేగం

ఏళ్ల తరబడి పొట్టి తాడుతో కట్టివేసి, తిండి సరిగా పెట్టక, గిట్టలు కత్తిరించక వదిలేసిన మేకలను విడిపించి శరణాలయాల్లో చేరుస్తారు కదా, అవి ఆ తరువాత నిజంగా సంతోషంగా ఉంటాయా, లేక మనమే అలా అనుకుని తృప్తి పడుతున్నామా అని ఒక పాఠకురాలు అడిగారు. ప్రశ్నలోని రెండో సగమే నన్ను ఎక్కువగా ఆకర్షించింది. జంతువు ముఖంలో కృతజ్ఞత చదివామని చెప్పేవారి మాట నేను తేలికగా నమ్మను, అలాగని జంతువు మనసు మనకు ఎన్నటికీ అందదని కొట్టిపారేసేవారి మాటా నమ్మను.

లోపల వణుకుతూ పైకి బింకం చూపించే మనిషిని మేకపోతు గాంభీర్యం నటిస్తున్నాడని మనం వెక్కిరిస్తాం. మేక విషయంలో మాత్రం అది బతుకు సూత్రం. మందలో కుంటుతున్నదాన్ని, వెనకబడ్డదాన్ని వేటజంతువు ముందుగా గుర్తిస్తుంది కాబట్టి, నొప్పిని, నీరసాన్ని వీలైనంత వరకు బయటపడనీయని స్వభావం ఇటువంటి జంతువుల్లో స్థిరపడింది. అందుకే మేకలను సాకడంలో అనుభవం ఉన్నవారు దాని వాలకాన్ని చూసి ఊరుకోరు, కంటి కింది రెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగి లోపలి పొర రంగు చూస్తారు. అది ఎర్రగా ఉంటే ఫరవాలేదు, గులాబీ రంగులోకి వస్తుంటే జాగ్రత్తపడాలి, కాగితంలా తెల్లబడితే కడుపులో హీమాంకస్ అనే నులిపురుగులు రక్తాన్ని తోడేస్తున్నాయని అనుమానించాలి. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం పోగొడుతుంది, అవి వేల సంఖ్యలో చేరితే లెక్క ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు. ఈ రంగులను 5 మెట్లుగా విభజించి చూపే ఫమాచా పట్టిక దక్షిణాఫ్రికాలో తయారైంది.

శరీరం గుట్టు రెప్ప కింద బయటపడుతుంది. మనసు గుట్టు బయటపెట్టే రెప్ప ఎక్కడుందన్నదే అసలు చిక్కు, దాన్ని విప్పే దారి 2004లో ఎలుకల మీద జరిగిన ఒక ప్రయోగంలో దొరికింది. అర్ధరాత్రి ఫోను మోగిందనుకోండి. ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉంటే గుండె గుభేలుమంటుంది, ఉద్యోగం కబురు కోసం ఎదురుచూస్తున్నవారు పరుగున వెళ్లి ఎత్తుతారు. మోత ఒక్కటే, దాని అర్థం ఇంకా ఎవరికీ తెలియదు, ఆ తెలియనితనాన్ని పూరించేది వినేవారి అప్పటి మనఃస్థితి. ఎమ్మా హార్డింగ్, ఎలిజబెత్ పాల్, మైకేల్ మెండల్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు ఒక శబ్దం వినిపిస్తే మీట నొక్కి తిండి తెచ్చుకోవాలని, మరో శబ్దం వినిపిస్తే మీట జోలికి పోకూడదని నేర్పి, ఆ పైన రెండింటికీ నడిమి శబ్దాలు వినిపించారు. ఎప్పుడేం జరుగుతుందో తెలియని గందరగోళపు గూళ్లలో ఉంచిన ఎలుకలు ఆ నడిమి శబ్దాన్ని శుభసూచనగా తీసుకోవడానికి తటపటాయించాయి. ఇదే పద్ధతి తేనెటీగల మీద కూడా పనిచేసింది: తేనెతుట్టెపై శత్రువు దాడి చేసినట్టుగా వాటిని గట్టిగా కుదిపితే, ఆ తరువాత అవి సందేహాస్పదమైన వాసనను చేదుకు గుర్తుగానే తీసుకున్నాయి.

ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో బటర్‌కప్స్ అనే మేకల శరణాలయం ఉంది. ఎలోడీ బ్రీఫర్, అలన్ మెక్‌ఎలిగట్ అనే పరిశోధకులు ఈ పరీక్షను అక్కడి మేకలకు తగినట్టుగా మార్చి, ఫలితాలను 2013లో ప్రచురించారు. మొత్తం 18 మేకలు. వాటిలో 9 ఒకప్పుడు నిర్లక్ష్యానికి గురై వచ్చినవి, తక్కిన 9 మొదటినుంచీ బాగానే పెరిగినవి. శబ్దాలు, మీటల బదులు సందులు ఏర్పాటు చేశారు. ఒక కొసన ఉన్న సందులో తిండి ఉంటుంది, మరో కొసన ఉన్న సందులో ఏమీ ఉండదు. కొన్నాళ్లకు మేక ఈ పాఠం నేర్చుకుని, తిండి ఉన్న సందు తెరిస్తే చకచకా, ఖాళీ సందు తెరిస్తే తీరుబడిగా నడుస్తుంది. అప్పుడు, ఈ రెంటికీ నడుమ ఉన్న, అంతవరకు అడుగు పెట్టని సందును తెరుస్తారు. మేక దాని మొదట్లో నిలబడి మెడ చాపి లోపలికి చూస్తుంది. ఆ క్షణం నుంచి కొసకు చేరేదాకా పట్టిన సెకన్లే కొలత.

ఆకలితో ఉన్న మేక ఎటైనా పరుగెత్తుతుంది కదా, కాళ్ల నొప్పులున్నది ఎటైనా మెల్లగా నడుస్తుంది కదా అని మీకు అనిపించి ఉండాలి, నాకూ మొదట అదే అనిపించింది. ఈ పద్ధతి అందం ఆ అభ్యంతరానికి జవాబులోనే ఉంది. కేవలం ఆకలే అయితే తెలిసిన సందుల్లో కూడా ఆ తేడా కనిపించాలి, ప్రతి మేక వేగాన్నీ తెలిసిన సందుల్లో దాని సొంత వేగంతోనే సరిపోలుస్తారు కాబట్టి, కుంటి మేక కూడా తనతో తానే పోటీ పడుతుంది. దీనిలో ఒక మెలిక కూడా ఉంది. నడిమి సందును పదే పదే తెరిస్తే అక్కడ ఏముందో మేక నేర్చేసుకుంటుంది, అప్పుడు మనం కొలిచేది ఆశను కాదు, జ్ఞాపకాన్ని. మేకల జ్ఞాపకమేమో సామాన్యమైనది కాదు: అదే శరణాలయంలో ఒక పెట్టె తాడును నోటితో లాగి, ఆపై మీటను ఎత్తి పండు తీసుకోవడం 12 మేకల్లో 9 నేర్చుకున్నాయి, 10 నెలల తరువాత కూడా ఆ విద్య మరచిపోలేదు. అందుకే నడిమి సందును ఆచితూచి, కొద్దిసార్లే వాడాలి.

అంత జ్ఞాపకం ఉన్న జంతువుకు పాత కష్టాలు మనసులో మిగిలి ఉంటాయని, నిర్లక్ష్యానికి గురైన మేకలు నడిమి సందు దగ్గర వెనకాడతాయని ఎవరైనా ఊహిస్తారు. జరిగింది వేరు. కష్టపడి వచ్చిన ఆడమేకలు, ఏ కష్టమూ ఎరగని ఆడమేకల కన్నా ఎక్కువ ఆశాభావం చూపాయి. గొర్రెలపై జరిగిన మరో పరిశోధన ఈ వింతను కొంత విడమరుస్తుంది: కదలనీయకుండా బంధించి, తరువాత వదిలిన గొర్రెలు, బంధించని వాటి కన్నా సందేహాస్పద సూచనలను మంచివిగా తీసుకున్నాయి. మనఃస్థితి అనేది ఉన్న సుఖాన్ని మాత్రమే కొలిచే తక్కెడ కాదు, నిన్నటికీ నేటికీ ఉన్న తేడాను కూడా తూస్తుందని నేను దీన్ని అర్థం చేసుకుంటున్నాను.

అయితే ఇక్కడ మేకలకు శరణాలయంలో రెండేళ్లకు పైగా గడిచిన తరువాత పరీక్ష పెట్టారన్నది మరువకూడదు, ఎందుకంటే మొదటి వారాల్లో మేక శరీరమే వేరే యుద్ధంలో ఉంటుంది. బక్కచిక్కిన మేకను చూసి జాలిపడి గంపెడు ధాన్యం ముందు పెట్టేవారు తెలియక దాని ప్రాణం మీదికి తెస్తారు. బడిలో నెమరువేసే జంతువుకు నాలుగు అరల కడుపు ఉంటుందని పేర్లు వల్లె వేయించి వదిలేస్తారు గాని, మొదటి అర ఒక పులియబెట్టే బాన అని, దానికి ఆమ్లపు హద్దు ఉందని చెప్పరు. ఆ బానలో పీహెచ్ (ఈ అంకె తగ్గే కొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) మామూలుగా 6 నుంచి 7 మధ్య ఉంటుంది. అలవాటు లేని పిండిపదార్థం ఒక్కసారిగా వచ్చి పడితే స్ట్రెప్టోకాకస్ బోవిస్ బాక్టీరియా విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది, పీహెచ్ 5.5 కన్నా దిగగానే గడ్డిని జీర్ణం చేసే సూక్ష్మజీవులు చచ్చిపోవడం మొదలవుతుంది, ఇంకా దిగితే ఆమ్లాన్ని తట్టుకునే లాక్టోబాసిల్లస్ జాతులు పెత్తనం అందుకుని మరింత ఆమ్లం పోస్తాయి. బానలో గాఢత పెరిగినందువల్ల రక్తంలోని నీరు అటు లాగబడి, కడుపు ఉబ్బి ఉండగానే మేక ఒళ్లు ఎండిపోతుంది. కాబట్టి కొత్తగా వచ్చిన మేకకు ముందు పెట్టవలసింది ఎండుగడ్డి, నీళ్లు. ధాన్యం అవసరమైతే పిడికెడుతో మొదలుపెట్టి, రోజులు, వారాలు గడిచే కొద్దీ పెంచాలి.

పాఠకురాలి ప్రశ్నకు తిరిగి వస్తే, ఆడమేకల వరకు జవాబు గట్టిగానే ఉంది, 18 మేకలు మరీ తక్కువ సంఖ్య అన్న మాట ఒప్పుకుంటూనే ఈ మాట అంటున్నాను. మగవాటిలో మాత్రం కష్టపడినవాటికీ, పడనివాటికీ అటువంటి తేడా కనిపించలేదు. ఒత్తిడి నుంచి తేరుకోవడంలో ఆడమేకలే మెరుగేమోనని పరిశోధకులు ఊహించారు. మేకపోతులు ఆ నడిమి సందులోకి ఏ గతం నుంచి వచ్చినా ఒకే తీరుగా నడిచాయి.