వింబుల్డన్ గొంతు, వింబుల్డన్ ఆడని ఆటగాడు

డాన్ మాస్కెల్ బ్రిటిష్ ప్రొఫెషనల్ టెన్నిస్ చాంపియన్‌షిప్‌ను 16 సార్లు గెలిచారు. వింబుల్డన్‌లో మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆడనివ్వలేదు. తర్వాత నలభై ఏళ్ళు బ్రిటన్‌లో టీవీలో వింబుల్డన్ అంటే కామెంటేటర్‌గా ఆయన గొంతే.

ఇది అర్థం కావాలంటే 'ప్రొఫెషనల్' అన్న మాట సంగతి చెప్పుకోవాలి. ఇవాళ దాన్ని మెచ్చుకోలుగా వాడుతున్నాం. 1968కి ముందు టెన్నిస్‌లో అది వెలి. ఆడినందుకో, నేర్పినందుకో డబ్బు తీసుకుంటే పెద్ద టోర్నమెంట్లలో చోటుండేది కాదు. కలిగినవాళ్ళ పిల్లలకు దీనివల్ల వచ్చిన ఇబ్బందేమీ లేదు. మాస్కెల్ 1908లో లండన్‌లోని ఫుల్‌హామ్‌లో, రెక్కల కష్టం మీద బతికే కుటుంబంలో పుట్టారు. లండన్‌లోని టెన్నిస్ క్లబ్ క్వీన్స్ క్లబ్‌లో బాల్ బాయ్‌గా చేరి, చూస్తూ చూస్తూ ఆట నేర్చుకుని, అక్కడి సభ్యులతో ప్రాక్టీసు ఆడే ఉద్యోగి అయ్యారు. జీతం అందుకోవడంతోనే వింబుల్డన్ తలుపు మూసుకుపోయింది.

వింబుల్డన్ నడిపే ఆల్ ఇంగ్లండ్ క్లబ్బే 1929లో ఆయన్ని కోచ్‌గా పెట్టుకుంది. 1955 దాకా అక్కడే పనిచేశారు. 1933 నుంచి వరసగా నాలుగేళ్ళు దేశాల జట్ల మధ్య జరిగే డేవిస్ కప్ గెలిచిన బ్రిటన్ జట్టుకు, ఫ్రెడ్ పెర్రీ, బన్నీ ఆస్టిన్‌లకు, తర్ఫీదు ఇచ్చిందీ ఆయనే. పెర్రీ వింబుల్డన్ మూడుసార్లు గెలిచి 1936 చివర్లో ప్రొఫెషనల్ అయితే, క్లబ్ అతని గౌరవ సభ్యత్వాన్ని వెనక్కి తీసుకుంది. చాంపియన్‌కే అలా జరిగితే బాల్ బాయ్‌గా మొదలైన మనిషి సంగతి చెప్పాలా!

రెండో ప్రపంచ యుద్ధకాలంలో గాయపడిన వైమానిక దళ సిబ్బంది కోలుకోవడానికి సాయపడ్డారు. ఆ సేవకు ఓబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ పురస్కారం వచ్చింది.

1949లో రేడియోలో, 1951లో బీబీసీ టీవీలో కామెంటరీ మొదలుపెట్టారు. బంతి ఆటలో ఉన్నంతసేపూ ఆయన నోరు మెదపడం అరుదు. కళ్ళు చెదిరే షాట్ పడితే 'ఓ, ఐ సే!' అనేవారు. ఆ మూడు ముక్కలూ ఇంటింటికీ చేరాయి. ఏళ్ళ తరబడి ఎదుటివాళ్ళ ఆట బాగుపడటం కోసం బంతులు కొట్టిన మనిషి కాబట్టే, మైకు ముందు కూడా ఆటగాడినే ముందు నిలబెట్టారని నాకు అనిపిస్తుంది. ఇప్పటి కామెంటరీ బాక్సుల్లో ఊపిరాడనివ్వని మాటల మధ్య ఆ నిశ్శబ్దం విలువ ఇంకా బాగా తెలుస్తోంది.

ప్రొఫెషనల్స్‌ను ఆడనివ్వని నిబంధన మారడానికి టీవీ కూడా చేయి వేసింది. 1967 ఆగస్టులో బీబీసీ అండతో ఎనిమిది మంది ప్రొఫెషనల్స్ సెంటర్ కోర్టులో పోటీపడ్డారు. ఫైనల్లో రాడ్ లేవర్ కెన్ రోజ్‌వాల్‌ను ఓడించాడు. డబ్బు తీసుకోకుండా ఆడాల్సిన అమెచ్యూర్ల ముసుగులో చాటుమాటుగా డబ్బు చేతులు మారుతోందని అందరికీ తెలుసు. ఆ డిసెంబరులోనే బ్రిటిష్ టెన్నిస్ సంఘం అమెచ్యూర్, ప్రొఫెషనల్ అన్న తేడాను ఎత్తేయాలని ఓటు వేసింది. 1968లో ఇద్దరికీ చోటున్న తొలి 'ఓపెన్' వింబుల్డన్ జరిగింది. లేవరే గెలిచి 2,000 పౌండ్లు అందుకున్నాడు. మహిళల విజేత బిల్లీ జీన్ కింగ్‌కు ఇచ్చింది 750.

జీతం తీసుకున్నవాళ్ళకూ తలుపు తెరుచుకున్న ఆ ఏడాదికి మాస్కెల్ వయసు 60. కామెంటరీ బాక్సులో ఆయన 1991 వరకూ కూర్చున్నారు.