జీతం ఆగిన నెలలు: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగం పోయినవాళ్లకు డబ్బు లెక్కలు చూసిపెట్టడం నా పని. వచ్చి కూర్చోగానే నేను అడిగేది, "చేతిలో ఉన్నదానితో ఇంకా ఎన్ని నెలలు గడుస్తుంది?" అని. చాలామంది చెప్పేది ఒకటే, "ఏదోలా గడిచిపోతుందండీ."

అపోహ: రేపోమాపో ఉద్యోగం వస్తుంది, ఖర్చుల సంగతి అప్పుడు చూద్దాం.

ఈ రేపోమాపోలోనే సగం పొదుపు కరిగిపోతుంది. ఒకాయన మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చారు. చేతికి పెన్సిల్ ఇచ్చి, ఆపితే ఇల్లు నడవని ఖర్చుకు గీత, ఆపగలిగినదానికి సున్నా పెట్టమన్నాను. చకచకా పెట్టుకుంటూ వెళ్లి ఒకచోట ఆగిపోయారు. పాత ఆఫీసు పక్కన ఉన్న జిమ్‌కు ఆటో డెబిట్. వెళ్లడం ఎప్పుడో మానేశారు. "ఇది ఆపేస్తే ఇక అటువైపు వెళ్లనని ఒప్పుకున్నట్టే కదండీ" అన్నారు. నేనేమీ అనలేదు. చేతిలో ఉన్న డబ్బును నెలకు పడే గీతల మొత్తంతో భాగిస్తే 5 నెలలు వచ్చింది, సున్నాలు కూడా కలిపితే మూడున్నర. అది చూశాక తనే సున్నా చుట్టారు.

అపోహ: క్రెడిట్ కార్డుకు మినిమం కడుతుంటే ఇబ్బంది లేదు.

బాకీ 100 అనుకోండి. నెలకు 3 శాతం వడ్డీ, మినిమం 5 అయితే, మీరు కట్టిన 5లో 3 వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది 2. అలాగని ఉన్న పొదుపంతా ఊడ్చి అప్పు తీర్చేయడమూ తెలివైన పని కాదు, వచ్చే నెల సరుకులకు మళ్లీ అప్పే చేయాలి. వాయిదా తప్పేలా ఉంటే గడువు దాటకముందే అప్పిచ్చినవాళ్లతో మాట్లాడండి. ఒప్పుకోకపోవచ్చు. కానీ దాటాక అడిగితే ఆ కాస్త అవకాశం కూడా తగ్గుతుంది.

అపోహ: ఖాళీయే కదా, రోజంతా ఉద్యోగం వెతకాలి.

ఆస్ట్రియాలోని మారియంతాల్‌లో బట్టల మిల్లు మూతపడ్డాక, 1930ల మొదట్లో సామాజిక మనస్తత్వవేత్త మారీ యహోదా, ఆమె సహచరులు ఆ ఊరి జీవితాన్ని దగ్గరగా చూశారు. చేతినిండా తీరిక ఉంది, అయినా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం బాగా తగ్గింది, రుసుము ఎత్తేసినా సరే. మగవాళ్లు వీధిలో నెమ్మదిగా, మాటిమాటికీ ఆగుతూ నడిచేవారు. ఇంటిపని తప్పని ఆడవాళ్లు మాత్రం అంతగా ఆగేవారు కాదు. జీతంతోపాటు ఉద్యోగం రోజుకు ఒక ఆకారం ఇస్తుందని, నలుగురితో కలుపుతుందని యహోదా తర్వాత రాశారు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లతో ఉద్యోగ వేటకు పొద్దున మూడు గంటలు చాలంటాను. మధ్యాహ్నం ఇల్లు దాటి వెళ్లే పని ఒకటి పెట్టుకోమంటాను, జీతం రానిదైనా పర్లేదు.

అపోహ: ఉద్యోగం లేదని బయటపడితే పరువు పోతుంది.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన లెక్క చూడండి. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఆ మనిషిని తరచూ కలిసేవారు 16.7 శాతమే. మిగతావాళ్లకు కబురు అందించింది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్లు. మనం మొహం చాటేసేది సరిగ్గా వాళ్లకే. ఇంట్లోవాళ్ల దగ్గర దాచడం గురించి వేరే చెప్పనక్కర్లేదు, నెల తిరక్కుండానే వాళ్లకు తెలిసిపోతుంది.

అపోహ: ఉద్యోగం వస్తే మనసు అదే కుదుటపడుతుంది.

కొందరికి అవుతుంది. కానీ రెండు వారాలుగా దిగులు వదలకపోయినా, నిద్ర, ఆకలి దెబ్బతిన్నా, దేనిమీదా మనసు పోకపోయినా ఆఫర్ లెటర్ కోసం ఆగకుండా డాక్టర్‌ని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే. ఖర్చు తగ్గించాలని ఈ డాక్టర్ ఫీజుకు సున్నా పెట్టి తెచ్చేవాళ్లు ఉంటారు. నేను ఆ సున్నా చెరిపి గీత పెడతాను.