ఘాటీ ఎక్కే కారులో వెచ్చగాలి ఎక్కడిది?

జయపురం,
కొరాపుట్ జిల్లా.

చిన్నీకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న బుజ్జి ఫోన్‌లో అడిగిన ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకిష్టం లేకపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. సాలూరులో బయల్దేరినప్పుడు కారులో మొహానికి చల్లగాలి కొట్టింది. సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి దాటేసరికి కాళ్ల దగ్గర వెచ్చగాలి మొదలైంది. మధ్యలో నాన్న ఏ బటనూ ముట్టుకోలేదు. లోపల ఎన్ని డిగ్రీలు ఉండాలో చెప్పే డాష్‌బోర్డు మీది 24 అంకె అలాగే ఉంది. మరి మార్చిందెవరు? ఇదీ బుజ్జి ప్రశ్న.

మారింది ముందు బయటి గాలి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది, కిలోమీటరుకు ఆరు డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా. కొరాపుట్ పట్టణమే సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పొట్టంగి పక్కనే ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1672 మీటర్లు. కింద మైదానంలో ఫ్యాన్ వేసుకునే రోజున కూడా పైన శాలువా కావాల్సి వస్తుంది. కారు ఈ తేడాను పసిగట్టింది. ఎలాగో చెబుతాను.

మొదట వేడి సంగతి. ఇంజనులో పెట్రోలు మండితే పుట్టే శక్తిలో సగానికి పైగా చక్రాల దాకా చేరదు, వేడిగా పోతుంది. ఆ వేడికి ఇంజను పాడవకుండా కూలెంట్ అనే ద్రవం దాని చుట్టూ తిరుగుతుంటుంది. కాసేపు నడిచిన బండిలో అది 90 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అందులో కొంత డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. దాన్ని హీటర్ కోర్ అంటారు. దాని మీదుగా వెళ్లిన గాలి వెచ్చబడి మన దగ్గరకొస్తుంది. ఎలాగూ వృథా అయ్యే వేడి కాబట్టి దీనికోసం అదనంగా పెట్రోలు తగలెయ్యక్కర్లేదు. తెల్లవారుజామున బండి తీసిన వెంటనే హీటర్ పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే, కూలెంట్ ఇంకా చల్లగానే ఉంటుంది. మీ కారులోలా అన్నీ తానే చూసుకునే ‘ఆటో’ బటన్ నొక్కి ఉంటే, కూలెంట్ వేడెక్కేదాకా కారు తానే గాలి విసిరే బ్లోయర్‌ను నెమ్మదిగా ఉంచుతుంది.

చల్లదనం అలా ఊరికే రాదు. ఇంజను బెల్టుతో కంప్రెసర్‌ను తిప్పాలి, అంటే పెట్రోలు ఖర్చే. కంప్రెసర్ ఏసీ గ్యాసును గట్టిగా నొక్కి బండి ముందుభాగంలోని కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ వేడి వదిలేసి గ్యాసు ద్రవమవుతుంది. ఆ ద్రవాన్ని సన్నని వాల్వు గుండా వదిలితే పీడనం పడిపోయి మరిగిపోతుంది. మరగడానికి కావాల్సిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. చాలా కార్లలో ఉండే ఆర్-134ఎ అనే గ్యాసు మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది! అది మరిగే చోటును మెకానిక్కులు కూలింగ్ కాయిల్ అంటారు. మంచు కట్టి మూసుకుపోకుండా దాన్ని సున్నాకు కొంచెం పైనే ఉంచుతారు. లోపలికొచ్చే గాలిలోని తేమ దానికి తగిలి నీళ్లయి, ఒక గొట్టం గుండా బండి కింద కారిపోతుంది. ఏసీ వేసిన కారు కింద నీళ్ల చుక్కలు కనబడితే కంగారు పడకండి. ఆ నీళ్ల సంగతి మాత్రం గుర్తుంచుకోండి, మళ్లీ దాని పని పడుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. గాలి ముందు కూలింగ్ కాయిల్ దాటుతుంది. ఆ తర్వాత ఒక చిన్న తలుపు అందులో ఎంత భాగం హీటర్ కోర్ మీదుగా వెళ్లాలో, ఎంత పక్కనుంచి పోవాలో పంచుతుంది. మనం స్నానానికి వేణ్ణీళ్లలో చన్నీళ్లు కలుపుకుంటాం చూడండి, ఇదీ అంతే. మామూలు కారులో ఆ తలుపును మనం నాబ్ తిప్పి కదుపుతాం. ఆటో ఉన్న కారులో చిన్న మోటారు కదుపుతుంది. వెచ్చగాలి పైకి లేస్తుంది కాబట్టి దాన్ని కాళ్ల దగ్గర, చల్లగాలిని మొహం మీదికీ వదిలేదీ అలాంటి తలుపులే.

మోటారుకు ఆజ్ఞ ఇచ్చేది ఒక చిన్న కంప్యూటర్. దానికి కబుర్లు మోసేవి సెన్సర్లు. డాష్‌బోర్డు మీద సన్నని చిల్లుల వెనక ఒకటి లోపలి గాలిని చూస్తుంది. ముందు బంపర్ దగ్గర ఒకటి బయటి గాలిని చూస్తుంది, ఘాటీలో చల్లబడిందని కబురు చెప్పింది ఇదే. అద్దం కింద డాష్‌బోర్డు పైన గుండీలాంటి నల్లటి బుడిపె ఎండను చూస్తుంది. గాలి 24 ఉన్నా నెత్తిన ఎండ పడితే మనకు ఉక్కగానే ఉంటుంది, అందుకే ఇది వేరుగా కావాలి. మా వీధిలో ఒకాయన సరిగ్గా ఆ బుడిపె మీదే వినాయకుడి బొమ్మ అతికించి, మధ్యాహ్నం ఏసీ చాలడం లేదని గ్యాసు నింపించుకోడానికి బయల్దేరాడు. బొమ్మను జానెడు పక్కకు జరిపించాను. స్వామి దయవల్ల గ్యాసు డబ్బులు మిగిలాయి. మీ కారులో కూడా ఆ బుడిపె మీద తువ్వాలు, కాగితాలు పడెయ్యకండి.

ఇలా అంకె చెబితే చాలు, మిగతాది తానే చూసుకునే ఏర్పాటు మొదట 1964లో అమెరికాలో, కాడిలాక్ కార్లలో వచ్చింది. అప్పటికి కార్లలో కంప్యూటరే లేదు.

చిన్నీ, ఇది నీకు. ఎండలో నిలిపిన కారెక్కగానే అంకెను అట్టడుగుకు దింపేస్తావు కదూ. దాంతో తొందరగా ఏమీ చల్లబడదు. 24 దగ్గర ఉన్నా అంత వేడిలో ఆటో తన శక్తినంతా పెట్టేస్తుంది. అడుగుకు దింపితే 24 దగ్గర ఆగకుండా పోతుంది, అంతే. కాసేపటికి అమ్మమ్మ చెవులకు కొంగు చుట్టుకుంటుంది. ముందు తలుపులు తీసి ఆ వేడిని బయటికి పోనివ్వు, అది అసలు ఉపాయం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఘాటీలో మంచు పట్టినప్పుడు ముందరి అద్దం తెల్లబడి రోడ్డు కనబడదు. మన ఊపిరిలోని తేమ చల్లటి అద్దానికి తగిలి పట్టేసిన చెమ్మ అది. చలిగా ఉందని ఏసీ ఆపేసి ఒట్టి హీటర్ వేసేవాళ్లే ఎక్కువ. వెయ్యాల్సింది రెండూ కలిపి. కాయిల్ మీద గాలిలోని తేమ నీళ్లయి పోతుందని చెప్పానుగా? ఆ పొడిగాలిని హీటర్ వెచ్చబెట్టి అద్దం మీదికి కొడితే చెమ్మ చూస్తుండగానే విడిపోతుంది. అద్దం గుర్తున్న డీఫ్రాస్ట్ బటన్ నొక్కితే చాలా కార్లు ఏసీని తామే వేసుకుంటాయి. లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ బటన్ మాత్రం ఆపాలి, లేకపోతే మన ఊపిరే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. వానాకాలంలో దీనికి తిరగేసి, అద్దం బయటివైపు పట్టడమూ ఉంది. వేలితో లోపల గీసి చూడండి. గీత పడకపోతే చెమ్మ బయట ఉన్నట్టే. అప్పుడు వైపర్ వేసి, చల్లగాలిని అద్దం మీద నుంచి తప్పించమని నాన్నకు చెప్పండి.

ఒకటి మాత్రం నాన్నకు గట్టిగా చదివి వినిపించండి. దారిలో నిద్రొస్తే బండి ఆపి పడుకోవడం మంచిదే. కానీ అద్దాలు బిగించి, ఏసీ కోసం ఇంజను ఆన్‌లో ఉంచి నిద్రపోకూడదు. పొగ గొట్టంలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. లోపలికి చేరితే మెలకువ రాకుండానే ప్రాణం తీస్తుంది. ఇంజను ఆపి, అద్దాలు కాస్త దించుకుని పడుకోమనండి.

మీ తాతయ్య